నిచ్చెన పిల్ల, మూడో కంప్లయింట్

తలుపు తీసిన మనిషి ముందు ఆమెను చూడలేదు. ఆమె భుజం మీదున్న నిచ్చెనను చూశాడు.

"టెక్నీషియన్ ఎక్కడ?" అన్నాడు, ఆమె వెనక వీధిలోకి తొంగి చూస్తూ.

"నిచ్చెన కింద," అంది ఆమె.

అతను నాలిక కరుచుకున్నాడు. కానీ నోరు జారాక కరుచుకుని ఏం లాభం? ఆమె అప్పటికే అతన్ని దాటుకుని లోపలికి నడిచింది.

ఆఫీసులో ఆమెను అందరూ నిచ్చెన పిల్ల అంటారు. ఇరవై మంది టెక్నీషియన్లలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. స్తంభాలెక్కడం, గోడలకు కన్నాలు వేయడం, కేబుల్ లాగడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. ఈ ఉద్యోగం కోసం ఇంట్లో ఆర్నెల్లు పోట్లాడింది. ఆఫీసులో ఇప్పటికీ పోట్లాడుతూనే ఉంది.

ఆ ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంది. ముందుగది, మధ్యగది, వంటగది, చివర పడకగది. ఇంటర్నెట్ వైరు ముందుగదిలోనే ఆగిపోయింది. టీవీ చివరిగదిలో ఉంది. అందుకే ముందుగదిలో ఒకటి, మధ్యగదిలో బీరువా మీద ఒకటి, టీవీ పక్కన ఒకటి, మొత్తం మూడు తెల్లడబ్బాలు పెట్టారు. సిగ్నల్‌ని ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బా అందుకుని చివరిదాకా మోయాలి. మెష్ రౌటర్ చేసే పని అంతే.

చివరిగదిలో మంచం మీద కాలు చాపుకుని అతని తల్లి కూర్చుని ఉంది. మొన్నమొన్నటి దాకా బడిలో డ్రిల్ టీచరు. మోకాలికి ఆపరేషనై మూడు వారాలైంది. మంచం దిగడానికి లేదు కాబట్టి మెడలోని విజిల్‌తోనే ఇల్లంతా నడిపిస్తోంది. ఒక చిన్న కూత కొడుక్కి. ఒక పొడుగు కూత మొగుడికి.

"సాయంత్రం టీవీలో ఆట పెట్టుకుంటే చాలు, బొమ్మ ఆగిపోతుందమ్మాయ్," అందావిడ. "ఆ గుండ్రటి చక్రం ఒకటే తిరుగుడు. నేనేమో కదల్లేను, అదేమో ఆగదు."

నిచ్చెన పిల్ల మూడు డబ్బాలూ చూసింది. బీరువా మీదున్నదాన్ని చూడ్డానికి నిచ్చెన వేస్తుంటే, ఆవిడ భర్త వచ్చి నిలబడ్డాడు. కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి.

"నిచ్చెన కాళ్ళు ఇంకో జానెడు వెనక్కి జరుపమ్మా," అన్నాడు.

మగవాళ్ళు చెప్పే సలహాలంటే ఆమెకు ఒళ్ళు మంట. కానీ ఆ సలహా సరైనది. జరిపింది. ఆమె ఏ గదిలోంచి బయటికొస్తే ఆ గదిలోకి ఆయన వెళ్ళి లైటు ఆపేసి రావడం కూడా గమనించింది. పెద్దవాళ్ళ పొదుపు అనుకుని ఊరుకుంది.

పొద్దున పదకొండింటికి టీవీ పాలధారలా నడిచింది. లోపమేమీ కనిపించలేదు. సంతకం కోసం కాగితం ఇస్తే, కొడుకు జేబులోంచి ఎర్రపెన్ను తీశాడు. ఆమె రాసిన వాక్యంలో ఒక కామా పెట్టి, ఆ తర్వాత సంతకం చేశాడు.

"మీరేం చేస్తుంటారు?" అంది ఆమె.

"ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అచ్చుకి ముందు తప్పులు పట్టుకునే పని."

"మనుషుల్లో కూడా పట్టుకుంటారా?"

"పని వేళల్లోనే," అన్నాడు. నవ్వకుండా ఉండాలని ఆమె చాలా ప్రయత్నించింది.

నాలుగు రోజులకు రెండో కంప్లయింట్ వచ్చింది. అది కంప్లయింట్ కాదు, వ్యాసం. "తమరి టెక్నీషియన్ వచ్చినప్పుడు మా టీవీ పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా ఉండి, ఆమె వీధి మలుపు తిరగ్గానే అసలు గుణం చూపిస్తోంది," అని మొదలైంది. ఆఫీసులో దాన్ని పైకి చదువుకుని పగలబడి నవ్వారు. ఆమె మాత్రం ఇంటికెళ్ళాక ఇంకోసారి చదువుకుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు వాన పట్టుకుంది. పని అయిపోయినా అరగంట అక్కడే చిక్కుకుపోయింది. అతను కాఫీ తెచ్చాడు. నిచ్చెన తుడవడానికి తువ్వాలు కూడా తెచ్చాడు.

"నాకు కాదా?" అంది, జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే.

"మొదటిరోజు నిచ్చెననే చూశానని కోపం కదా. మర్యాద అక్కణ్ణించే మొదలుపెడదామని," అన్నాడు. వెనక దాచిన రెండో చేతిలో ఇంకో తువ్వాలు ఉంది. ఆమె జుట్టు తుడుచుకుంటూ అతని వేలి మీది ఎర్రసిరా మరక వైపు చూసింది. వాన తగ్గిందని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

శుక్రవారం మూడో కంప్లయింట్ వచ్చింది. మేనేజరు పిలిచాడు.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది. ఒకే ఇంటి నుంచి మూడు కంప్లయింట్లు వస్తే, ఆ టెక్నీషియన్ని బయటి పనిలోంచి తీసి కాల్‌సెంటర్లో కూర్చోబెడతారు.

"నీకు ఒక దారి చెప్తాను," అన్నాడు మేనేజరు. "ఫోన్ చేసి వాళ్ళకి పెద్ద ప్లాన్ అంటగట్టు. ఆ కంప్లయింట్ టికెట్ మూసెయ్యి. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కకు."

"వాళ్ళకున్న ప్లాన్ ఆ ఇంటికి ఎక్కీ తొక్కీ సార్. లేని జబ్బుకి మందు అమ్మను."

"అమ్మకపోతే సోమవారం నిచ్చెన ఇచ్చేసి హెడ్‌సెట్ తీసుకో."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మేనేజరు కంట పడనివ్వకుండా గిరుక్కున తిరిగి బయటికొచ్చేసింది. గోడల మధ్య కూర్చుని "మీ కాల్ మాకు ముఖ్యం" అని రోజుకి రెండు వందల సార్లు చెప్పడానికా, ఆర్నెల్లు ఇంట్లో అన్నం మానేసి పోట్లాడింది?

కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఇంటి డబ్బాల చరిత్ర మొత్తం తిరగేసింది. పదిహేను రోజుల లెక్కలు చూసేసరికి దొంగ దొరికాడు. మధ్యగదిలో డబ్బా రోజూ సాయంత్రం ఆరూ అయిదుకి చచ్చిపోతోంది. ఏడున్నరకి మళ్ళీ బతుకుతోంది. మధ్యది ఆగితే చివరిది ముందుగదిని అందుకోలేక అల్లాడుతుంది. బొమ్మ ఆగుతుంది. డబ్బాలు పాడైతే ఇంత టైము పాటించవు. ఇది ఎవరో చేత్తో చేస్తున్న పని.

ఆ చెయ్యి ఎవరిదో కూడా ఆమెకు తట్టింది. వ్యాసాలు రాసే చెయ్యి. ఎర్రసిరా మరకున్న చెయ్యి.

కోపం వచ్చింది. కోపం కంటే ముందు బాధ వచ్చింది, అందుకే కోపం రెట్టింపయింది. చూడాలనిపిస్తే ఫోన్ చేసి చెప్పొచ్చు కదా! తన కూట్లో మన్ను పోసి సరదా తీర్చుకోవడం ఏమిటి?

ఆదివారం ఆమెకు సెలవు. మేనేజరు వద్దన్నాడు. కాబట్టి వెళ్ళింది, నిచ్చెనతో సహా.

సాయంత్రం అయిదున్నరకు ఆ ఇల్లు పండగలా ఉంది. డ్రిల్ టీచరు చేతుల మీద పెరిగిన శిష్యురాలు షటిల్ ఫైనల్ ఆడుతోంది. ఆరింటికి మొదలు.

"వచ్చావా అమ్మాయ్! ఇవాళ ఆ చక్రం కనబడిందంటే, ఒంటికాలి మీద వచ్చి మీ ఆఫీసు తలుపు తంతాను," అంది టీచరు.

నిచ్చెన పిల్ల అతన్ని మంచం దగ్గర్నుంచి ఓ మూలకు లాగింది. గొంతు తగ్గించింది కానీ వేడి తగ్గించలేదు.

"మధ్యగది డబ్బా రోజూ ఆరింటికి ఎందుకు ఆపుతున్నారు?"

"ఎవరు? నేనా?"

"కాక నేనా? నన్ను రప్పించడానికి ఇంత నాటకం అక్కర్లేదు. మీ మూడో వ్యాసంతో రేపట్నుంచి నా నిచ్చెన పోతోంది, తెలుసా?"

అతని ముఖం పాలిపోయింది. "మూడు రాస్తే మీ ఉద్యోగానికి ముప్పని నాకు తెలీదు. తెలిస్తే ఒక్క ముక్క రాసేవాణ్ణి కాదు," అన్నాడు. తర్వాత అతనికీ పౌరుషం పొడుచుకొచ్చింది. "రప్పించాలనుకుంటే రమ్మని అడుగుతాను. మా అమ్మ ఆట పాడుచేసి రప్పించేంత చవట కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు!"

"అయితే మీ కళ్ళకి ప్రూఫు దిద్దాలి!"

"ష్!" అంది టీచరు. ఆట మొదలైంది. ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని, ఒకరినొకరు చూడకుండా టీవీ చూశారు.

శిష్యురాలు చెలరేగిపోతోంది. స్కోరు ఏడు, అయిదు. ఎదుటమ్మాయి షటిల్‌ని ఎత్తి కొట్టింది. శిష్యురాలు గాల్లోకి లేచింది.

లేచింది లేచినట్టే ఉండిపోయింది. చక్రం వచ్చింది.

గోడ గడియారంలో ఆరూ అయిదు. అతను తన రెండు చేతులూ ఆమె ముఖం ముందు చాపాడు. "చూసుకోండి. రెండూ ఇక్కడే ఉన్నాయి."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కానీ సిగ్గుపడ్డానికి టైమెక్కడిది? టీచరు విజిల్ ఊదుతూనే ఉంది. ఆమె తన ఫోన్ తీసి, దాని ఇంటర్నెట్‌కి టీవీని కలిపింది. శిష్యురాలు మళ్ళీ నేల మీదికి దిగింది. అదే క్షణంలో ఫోన్ మోగింది. మేనేజరు. ఎత్తితే టీవీ ఆగిపోతుందేమో! కట్ చేసేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

ఇద్దరూ మధ్యగదిలోకి పరిగెత్తారు. గది చీకటిగా ఉంది. గోడ మీద నాలుగు స్విచ్‌లూ వరసగా ఆపేసి ఉన్నాయి. నాలుగోది డబ్బాది. వీధి తలుపు దగ్గర తండ్రి నడక బూట్లు లేవు.

"నాన్న!" అన్నాడతను, నెమ్మదిగా. "రోజూ ఆరింటికి వాకింగ్‌కి వెళ్తూ..."

"ఎవరూ లేని గదికి కరెంటెందుకని," అని ఆమె పూర్తిచేసింది. "వచ్చాక మళ్ళీ అన్నీ వేస్తారు. పొద్దున నేనొస్తే అంతా బాగానే ఉంటుంది." ఆగింది. "నన్ను క్షమించండి. మిమ్మల్ని అనుమానించాను."

"ఎందుకు నేనే అనిపించింది?"

"మీరే అయ్యుంటే బావుండునని లోపల ఎక్కడో ఉంది కాబట్టి," అంది కోపంగానే. "చాలా?"

అతను డబ్బా స్విచ్ వేయబోయి ముందు ఫ్యాన్ స్విచ్ వేశాడు. తప్పులు పట్టే మనిషి తప్పు స్విచ్ వేయడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

ఏడున్నరకు తండ్రి తిరిగొచ్చేసరికి శిష్యురాలు కప్పు ఎత్తుకుంది, టీచరు ఏడుస్తూ నవ్వుతోంది, నిచ్చెన పిల్ల స్విచ్ బోర్డు పక్కన నిలబడి ఉంది.

"ఈ స్విచ్ మీరేనా ఆపుతున్నది అంకుల్?"

"అవును. అయితే? పైన ఏదో తెల్లడబ్బా, ఉత్తినే లైటు వెలుగుతోంది. ముప్పై ఏళ్ళు కరెంటు విలువ ఊరందరికీ చెప్పినవాణ్ణి. నాకు చెప్తావా?"

"చెప్పను. అడుగుతాను. మీరు స్తంభం మీద ఉండగా, కింద ఎవడో అడక్కుండా స్విచ్ ముట్టుకుంటే ఏం చేసేవారు?"

ఆయన తలెత్తి బీరువా మీది డబ్బా వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆయన్ని ఇలా అడిగినవాళ్ళు లేరు.

"చెంప పగలగొట్టేవాణ్ణి," అన్నాడు చివరికి.

"మీ చెంప జోలికి నేను రాను. కానీ నేనూ లైన్ మీదే ఉన్నాను అంకుల్. మూడు కంప్లయింట్లయ్యాయని రేపు దించేస్తున్నారు."

ఆయన చివరిగదికి వెళ్ళి మంచం కిందనుంచి ఇనప్పెట్టె లాగాడు. అందులోంచి తుప్పు పట్టిన ఎర్ర రేకుబిళ్ళ తీశాడు. దాని మీద తెల్లరంగు అక్షరాలున్నాయి: "లైన్ మీద మనిషి ఉన్నారు. ముట్టుకోరాదు." దాన్ని నాలుగో స్విచ్‌కి తగిలించాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"కాగితం ఇలా ఇయ్యమ్మా."

కారణం అని ఉన్న చోట రాయడానికి కొడుకు ఎర్రపెన్ను అందించబోయాడు. ఆయన తోసేసి, తన పెన్నుతో రెండు ముక్కలు రాశాడు: "తప్పు నాది." కింద పూర్తి సంతకం, పాత హోదాతో సహా. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ రెండు ముక్కలూ ఆయన నోట వినని డ్రిల్ టీచరు, కాగితం ఫోటో తీయించుకుంది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తింది. ప్లాన్ అమ్మావా అన్నాడు మేనేజరు.

"లోపం దొరికింది సార్. సంతకంతో సహా ఉంది. ప్లాన్ అమ్మలేదు. రేపు నిచ్చెనతోనే వస్తున్నాను. దించాలనుకుంటే ఈ కాగితం పైవాళ్ళ ముందు పెట్టి దించండి."

"ఎనిమిదింటికల్లా రా. రేపు స్తంభాల పని ఉంది," అని మేనేజరు ఫోన్ పెట్టేశాడు.

నిచ్చెనను స్కూటర్‌కి కట్టడానికి అతను సాయం వచ్చాడు. ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు.

"ఇక టీవీ ఆగదు. కంప్లయింట్ రాయడానికి కారణమే లేదు," అన్నాడు.

"లేదు."

"అందుకే ఏ కారణం లేకుండా అడుగుతున్నాను. వచ్చే ఆదివారం వస్తారా? నిచ్చెన లేకుండా?"

"నిచ్చెన నాతోనే ఉంటుంది," అంది ఆమె తలెగరేసి. "ఇష్టమైతే చెప్పండి, లేకపోతే లేదు."

"మొదట చూసింది దాన్నే కదా. ఎలా కాదంటాను?"

ఆమె నవ్వు దాచుకోలేదు. అంతలో ఇంట్లోంచి విజిల్ వినబడింది. రెండు చిన్న కూతలు.

"అది ఎవరికి?" అంది ఆమె. "చిన్నది ఒకటైతే మీకు. పొడుగుదైతే అంకుల్‌కి."

అతను కూడా అయోమయంగా చూశాడు. తండ్రి కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"నిన్నేనమ్మా! ఇక నుంచి నీ కూత అదేనట. కాఫీ తాగి వెళ్ళమంటోంది."