అరువిచ్చిన ముఖం

1998 జనవరిలో ఒక పొద్దున మేడ్చల్‌లోని యాదగిరి ఇంట్లో ఉప్మా పోపు మాడిపోయింది. తప్పు ఫోనుది. కోడలు రోజారాణి పొయ్యి వదిలి వెళ్ళి ఫోనెత్తేలోపల ఆవాలు బొగ్గులయ్యాయి. చేసింది పట్నం మ్యూజియం వాళ్ళు.

ఆ మ్యూజియం పేరు కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో రామనామంలా నడుస్తోంది. యాదగిరి రిటైరైన టీకాల ఉద్యోగి. మశూచి ఉన్న రోజుల్లో శామీర్‌పేట దాకా ఊళ్ళన్నీ సైకిల్ మీద తిరిగి టీకాలు వేసినవాడు. జబ్బు పోయింది, ఉద్యోగమూ అయిపోయింది, సామాను మాత్రం ఆయన పోనివ్వలేదు. ఆఫీసులు పారేసినవి, తోటివాళ్ళ ఇళ్ళల్లో మూలన పడ్డవి ఏరుకొచ్చి ట్రంకుపెట్టెల్లో దాచాడు. గుండ్రంగా తిప్పి చర్మం గీరే టీకా కత్తులు, చీలిక సూదులు, మందు నింపే సన్నటి గాజు గొట్టాలు, నిజాం కాలం నాటి ఉర్దూ రేకు బోర్డు. భార్య విజయమ్మ లెక్కలో అదంతా తుప్పు సామాను. మ్యూజియం వాళ్ళ లెక్కలో అంత సరుకు ఒక్కచోట దొరకడమే అపురూపం. మశూచి మీద ప్రదర్శన పెడుతున్నాం, రెండు నెలలు అరువివ్వండి, భద్రంగా తెచ్చి అప్పజెబుతాం అన్నారు. వాళ్ళు తెల్ల గ్లౌజులేసుకుని ఒక్కో సూదినీ దూదిలో చుట్టి తీసుకుపోతుంటే, పక్కింటి పెళ్ళికి నగలు అరువిచ్చిన ఇల్లాలిలా యాదగిరి జీపు వెంట సందు చివరిదాకా నడిచాడు.

“మామ కూరగాయలకు పోయిండు సార్. నాకు చెప్పుండ్రి,” అని విని, రోజారాణి ఫోను పెట్టేసింది.

“ఏమంటున్నరు?” అంది కందిపప్పు చెరుగుతున్న విజయమ్మ.

“మామ ఇచ్చిన సామాన్ల ఒక ఫోటో ఉన్నదట అత్తమ్మా, అమ్మోరు పోసిన చిన్నపిల్లది. దాన్ని మనిషెత్తు జేసి తలుపు కాన్నే పెట్టిన్రట. మస్తు మంచిగొచ్చిందట. కింద ‘పేరు తెలియని బాలిక’ అని రాసిన్రట. ఏ ఊరి పిల్లనో మామకు తెలుసునా అని అడుగుతున్నరు.”

చేట ఆగిపోయింది.

విజయమ్మ ముఖం నిండా అమ్మవారి మచ్చలు. ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తరు. కొడుకు పెళ్ళి ఫోటోల్లో కూడా ఆమె కొంగు చాటునే ఉంది. గోంగూర కట్టలతో యాదగిరి లోపలికి రాగానే ఆమె ఒకే ఒక్క మాట అంది.

“అది పొయ్యిల ఏసిన అన్నవ్.”

ఏదో ఆయనకు వెంటనే తెలిసిపోయింది.

ఎనిమిదేళ్ళప్పుడు విజయమ్మకు అమ్మవారు పోస్తే పట్నం ఆసుపత్రిలో వేశారు. చదువుకునే డాక్టర్లకు చూపడానికని అక్కడ ఫోటో తీశారు. పదేళ్ళకు ఆ ఫోటో చేతులు మారి టీకాలవాళ్ళ సంచుల్లోకి చేరింది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం ఆచారం. వేప కనబడ్డ ఇంటికల్లా టీకాలవాళ్ళు వస్తున్నారని జనం వేప కట్టడమే మానేసి, పిల్లల్ని గడ్డివాముల చాటున దాచారు. అందుకని యాదగిరి గడప బయట నిలబడి ఫోటో చూపించి, ఇలాంటి బిడ్డ మీ వాడలో ఉందా అని అడిగేవాడు. శామీర్‌పేట దగ్గర ఒక ఇంట్లో కుర్మయ్య అనే రైతు ఆ ఫోటోను చాలాసేపు చూసి, “ఇది నా బిడ్డనే” అన్నాడు. వయసుకొచ్చిన ఆ బిడ్డ లోపలినుంచి వచ్చి ఫోటో లాక్కోబోయింది. మరుసటేడు ఆమె యాదగిరికి భార్య అయింది. కాపురానికొచ్చిన రోజే ఒక్క కోరిక కోరింది, అది కాల్చెయ్యమని. కాల్చేశానని ఆయన చెప్పాడు.

“ఎందుకు దాసినవ్?” అంది విజయమ్మ.

“అది సూస్తనే తల్లులు తలుపులు తీసేటోళ్ళు. దాసిన పిల్లలను ఎత్తుకొచ్చి నా ముంగట బెట్టేటోళ్ళు. ఎట్ల కాలబెడ్త విజయా?”

“అంటే పెండ్లయినంక గూడ సూపినవా?”

“జబ్బు పోయెదాంక సూపిన.”

“ఇంట్ల నేను కొంగు కప్పుకొని దాసుకున్న మొఖాన్ని నువ్వు సంచిల ఏసుకొని ఊరూరు తిప్పినవ్. ఒక్కనాడన్న నన్ను అడిగినవా?”

“నీ పేరు ఎవలకు సెప్పలె. ఇప్పుడు గూడ తెల్వదనే రాయించిన. నీ ఇజ్జత్ పోవద్దని.”

“ఇంతకాలం సంసారం జేసి, పెండ్లాం పేరు తెల్వదని రాయించినవ్. మంచిగ నిలబెట్టినవయ్యా ఇజ్జత్!”

రోజారాణి సర్దిచెప్పబోయింది. “రెండు నెలలే గద అత్తమ్మా, అండ్ల మిమ్మల్ని ఎవలు గుర్తువడ్తరు?”

“నీ పుస్తెలతాడు నిన్నడగకుంట అరువిస్తే నువ్వూకుంటవా రోజా?” అంది విజయమ్మ. ఆపైన భర్తతో, “సామాను నీది, ఎవలకన్న ఇచ్చుకో. మొఖం నాది,” అంది.

మాడిన ఉప్మా ఎవరూ తినలేదు. యాదగిరి చెప్పులేసుకున్నాడు.

“ఇప్పుడే పోయి తీపిస్త.”

“తీపిచ్చిన అంటే నమ్మనీకి నేను అప్పటి పిల్లను గాదు. నేనూ వస్త.”

బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో, ఆయన వెనక నిలబడి. పట్నం దాకా అలాగే పోయారు.

ప్రదర్శన మర్నాడు మొదలవుతుంది. మ్యూజియంలో పనిచేసే సృజన అనే అమ్మాయి ఎదురొచ్చి, “రండి సార్, ఫోటోల పిల్ల ఊరి పేరు చెప్తరా?” అంది.

“పేరే చెప్తనమ్మా. తెల్వదని అబద్ధం చెప్పిన. పేరు విజయ. నా ఇంటామె. ఆ ఫోటో నాది గాదు, నాది గానిదాన్ని మీకు అరువిచ్చిన. తీసెయ్యుండ్రి,” అన్నాడు యాదగిరి.

సృజన విజయమ్మ వైపు చూసి వెంటనే తల దించుకుంది. “ఇప్పుడే తీసేస్తమమ్మా,” అని నిచ్చెన తెమ్మని కేకేసింది.

విజయమ్మ అప్పటికే ఫోటో ముందు నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ అందులో ఏదో దయ్యంలాంటి ముఖం ఉందనే ఆమె అనుకుంది. ఉన్నది చిన్నపిల్ల. పెదాలు ఎండి పగిలిపోయాయి. రెప్పలు వాచి కళ్ళు సగమే తెరుచుకున్నాయి. చిన్న చెయ్యి మంచం ఇనపకడ్డీని గట్టిగా పట్టుకుని ఉంది.

“గీ పిల్లకు ఎవలన్న మంచినీళ్ళిచ్చిన్రా?” అంది విజయమ్మ.

ఆమె ఏడ్చింది. పరాయి పిల్ల కోసం ఏడ్చినట్టు, సిగ్గుపడకుండా, వెక్కివెక్కి ఏడ్చింది.

“మా అమ్మను లోపటికి రానియ్యలె. ఇంటికి తెచ్చినంక గూడ నా దిక్కు ఎవలు సక్కగ సూడలె. ఎదురొస్తె మొఖం తిప్పుకొని పోయేటోళ్ళు.”

“నేను సూసిన విజయా. దినాం సూసిన.”

“నువ్వు ఫోటోను సూసినవ్.”

“అవును,” అన్నాడు యాదగిరి. “తప్పే. నిన్ను అడగాల్సుండె.”

నిచ్చెన వచ్చింది. మనిషి పైకెక్కి ఒక మేకు వదులు చేశాడు. ఫోటో ఒక పక్కకు ఒరిగింది.

“ఆగు బిడ్డా,” అంది విజయమ్మ. “సక్కగ వెట్టు. అప్పుడెట్లాగు ఎవలు సూడకపాయె. ఇప్పుడన్న సూడనియ్యి.”