అన్నయ్య జేబులో రోటర్

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, స్పార్కు మీద ఉంది. పదిహేనేళ్లుగా బెజవాడ వన్ టౌన్‌లో కార్లు బాగుచేస్తున్నాను. బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టుల్ని కాయిలు వేలల్లోకి పెంచుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే బొటనవేలంత రోటర్ దాన్ని నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా పంచుతుంది. అది లేకపోతే ఎంత మొనగాడైనా కారుని కదిలించలేడు.

అందుకే మా అన్నయ్య శౌరయ్య తన టాక్సీ ఎక్కడ ఆపినా రోటర్ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. దొంగల భయం. "ఇది తీశానంటే ప్రయాణం అయిపోయినట్టేరా" అనేవాడు.

డెబ్బై ఆరు వానాకాలంలో ఉయ్యూరులో జ్వరంతో పోయాడు. ఖాకీ చొక్కాతోనే సమాధి చేశాం. ఆ చొక్కా తొడిగింది నేనే.

మూడో రోజు మధ్యాహ్నం, ఇంకా ఉయ్యూరులో అన్నయ్య ఇంట్లోనే ఉండగా, నా భార్య హన్నాకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. నెత్తురు ఆగడం లేదు. "బెజవాడ ఆసుపత్రికి చేర్చకపోతే తల్లీబిడ్డా దక్కరయ్యా" అంది మంత్రసాని. వానకి బస్సుల్లేవు. హన్నాని అన్నయ్య టాక్సీ వెనక సీట్లో పడుకోబెట్టి స్టార్టరు కొట్టాను. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. బానెట్ ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. రోటర్ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఖాకీ చొక్కా జేబు. ఇన్నేళ్ల మెకానిక్కుని, ఆ జేబు తడమాలని తోచలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

"ఏమండీ..." హన్నా గుసగుసగా పిలిచింది. "బావగారు ఎక్కారు. స్టార్ట్ చెయ్యమంటున్నారు."

వెనక ఆమె ఒక్కతే ఉంది. తడిమట్టి వాసన గుప్పుమంది. వానవల్లే అనుకున్నాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే ఖాళీ డిస్ట్రిబ్యూటర్‌కి మూత బిగించి, మళ్లీ స్టార్టరు కొట్టాను.

ఇంజను అందుకుంది.

ఎలాగని ఆలోచించలేదు. హన్నా బతికితే చాలనుకుని తోలాను. వెనక ఆమె ఎవరితోనో మెల్లగా మాట్లాడుతూనే ఉంది. కంకిపాడు దాటాక ఉండబట్టలేక అడిగాను.

"ఏమంటున్నాడు?"

"ఆసుపత్రి దాకా అక్కర్లేదంటున్నారు... నన్నూ బిడ్డనీ ఆయనే..."

మాట ఆగింది. ఇంజనూ ఆగింది.

వెనక్కి తిరిగాను. ఊపిరి లేదు. కడుపు మీద చెయ్యి పెట్టి చూశాను... కదలిక లేదు. వానలో, నడిరోడ్డు మీద, గొంతు పోయేదాకా ఏడ్చాను.

ఆమె కుడి గుప్పిట బిగుసుకుని ఉంది. ఒక్కో వేలూ విప్పాను.

అన్నయ్య రోటర్. అంచుల నిండా సమాధి బంకమట్టి. ఇంజన్లోంచి అప్పుడే పీకినట్టు... చెయ్యి చురుక్కుమంది.