పిల్లి దూరని గూడు

తెల్లవారగానే కోళ్ల గూటి తలుపు తీయడం శివజ్యోతి పని. తీసీ తీయగానే లోపలి ఉక్క ముఖానికి కొట్టేది. ఉగాది దాటి నెలైనా కాలేదు, కోయిలకుంట్ల చుట్టుపక్కల ఎండ అప్పుడే నిప్పులు చెరుగుతోంది. ఆ గూడు కట్టింది ఆమె భర్త ఓబులేసు. తాను పనిచేసే బండల ఫ్యాక్టరీలో విరిగిన నాపబండలు తెచ్చి చుట్టూ నిలబెట్టి, పైన కూడా బండలే పరిచి, ముందు ఇనుపరేకు తలుపు బిగించాడు. చూసినవాళ్లంతా భేష్ అన్నారు. కట్టినవాడికీ మెచ్చినవాళ్లకీ అందులో కాపురముండే పని లేదు కదా.

పాత గూడు తడికెలది. గాలి బాగా ఆడేది కానీ, అడవిపిల్లి ఆ తడికె చీల్చుకుని పొదుగు మీదున్న పెట్టను ఎత్తుకుపోయింది. ఓబులేసుకు అది తల కొట్టేసినట్టయింది. ఒక పక్క బండ తీసి జాలీ పెట్టమని శివజ్యోతి ఎంత పోరినా వినలేదు. జాలీ పెడితే ముంగిస వస్తుందన్నాడు, పాము వస్తుందన్నాడు, చివరికి ఆడదానితో చెప్పించుకునే గతి తనకింకా పట్టలేదన్నాడు.

అందుకే ఎండెక్కి కోళ్లు నీడకు గూట్లో చేరగానే ఆమె తలుపు బార్లా తెరిచే ఉంచి, గుమ్మానికి కాస్త ఎడంగా తడి గోనెసంచులు వేలాడగట్టేది. గాలి ఆ తడి మీదుగా చల్లగా లోపలికి పోయేది. కుక్కలు రాకుండా తానే దగ్గర కూర్చునేది. అత్త ఈరక్క ఇది చూసి రోజూ సణిగేది. బోరెండిపోయి ట్యాంకరు నీళ్లతో నెట్టుకొస్తున్న ఇంట్లో కోళ్లకు ఈ భోగమేమిటని ఆవిడ బాధ. శివజ్యోతి పట్టించుకునేది కాదు. కాపురానికొచ్చాక ఆమె ఎవరినీ అడగకుండా ఒక చీర కొనుక్కుందన్నా, పుట్టింటికి ఏదైనా పట్టుకెళ్లిందన్నా ఆ కోళ్ల చలవే. అవి పోతే మళ్లీ ప్రతిదానికీ మొగుడి ముందు నిలబడాలి.

ఆ రోజు పిన్నికూతురి శ్రీమంతానికి పోక తప్పలేదు. తలుపు మూయవద్దని, గోనెలు ఆరనివ్వవద్దని అత్తకు మరీమరీ చెప్పి బస్సెక్కింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గూటికి తాళం వేసి ఉంది. పక్కనే ఈరక్క చతికిలబడి ఉంది, చీర మోకాళ్లదాకా తడిసిపోయి.

"మద్యాన్నం ఓబులేసు అన్నానికొచ్చినాడు. నేను కునుకు తీస్తే కుక్కలొస్తాయంట. బీగమేసి, తాళంచెవి జోబులో ఏసుకోని పాయె. వద్దంటే యాడ ఇంటాడు?"

లోపల చప్పుడు లేదు. శివజ్యోతి గడ్డపార తెచ్చి తాళం విరగ్గొట్టింది. అయినా తలుపు కదల్లేదు. రేకుకూ నేలకూ మధ్య ఉన్న సందులో తడి గోనెలు గట్టిగా కూరి ఉన్నాయి. వాటిని లాగిపారేసి తలుపు తీసింది. ఉడుకుతున్న అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. కోళ్లన్నీ ఆ సందు దగ్గరే ఒకదాని మీద ఒకటి పడి చచ్చి ఉన్నాయి.

ఆమెకు వెంటనే అర్థమైంది. తాళం పడ్డాక గూటికి మిగిలిన గాలి ఆ సందు ఒక్కటే. చల్లబడతాయనుకుని అత్త దాన్నే మూసేసింది. కోపంతో అత్త వైపు తిరిగింది. అప్పుడు చూసింది, ఇంట్లో తాగడానికి ఉంచిన బిందె అక్కడే ఖాళీగా పడి ఉంది. ఈరక్క అరచేతుల నిండా బొబ్బలు. ఎండకు కాలిన పైబండను తీయాలని పెనుగులాడినట్టుంది.  శివజ్యోతి గోనెలు తీసుకుపోయి గడ్డివామి వెనక పడేసింది.

ఓబులేసు వచ్చాడు. ఒక్కో కోడినీ కాలితో తిరగేసి చూశాడు.

"ఒక్కదానికీ పంటిగాటు లేదు సూడు. గూడు బాగానే కట్టినా. మాయమ్మే నీళ్లు సరింగా పోసుండదు."

ఈరక్క తల వంచుకుంది.

"అత్తననొద్దు," అంది శివజ్యోతి. "బీగమేసింది నువ్వు. ఊపిరాడక సచ్చినాయి. అడివిపిల్లి అయితే ఒకదాన్ని తీస్కపోయింటాది. నువ్వు ఒక్కదాన్నీ మిగిలియ్యలేదు."

అతడు తల్లి వైపు చూశాడు, ఆవిడ తన పక్షాన ఒక మాటంటుందని. ఆవిడ కొడుకు ముఖం చూడలేదు. అతడు పార తీసుకుని గుంత తవ్వడానికి పోయాడు. భార్యతో తప్పైందనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

శివజ్యోతి వెన్న తెచ్చి అత్త చేతులకు రాయసాగింది. అన్నాళ్లుగా ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ చేతులు పట్టుకోవడం అదే మొదలు.

"జ్యోతీ," అంది ఈరక్క. "ఇంగో బిందె పోసింటే బతికింటాయేమో గదా? దినామూ నీళ్లు నీళ్లని నీతో కొట్లాడితినే. ఈపొద్దు గూడా నా చెయ్యి ఎనక్కి లాగిందేమో."

నీళ్లు కాదత్తా, గాలి. నిజం నాలుక చివరన ఉంది. అది చెబితే ఈ ముసలావిడ బతికినన్నాళ్లూ ఆ సందు ముందే కూర్చుంటుంది.

"లేదత్తా. నువ్వు పోసిన నీళ్లకే అంతసేపన్నా బతికినాయి," అంది.

ఈరక్క కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలింది. అప్పుడొచ్చింది శివజ్యోతికి ఏడుపు. కోళ్ల కోసమే ఏడుస్తోందనుకుని, ఈరక్క ఆ వెన్న చేతులతోనే కోడలి తల నిమిరింది.