మదీనత్ ఖలీఫాలో తొమ్మిదో భాగం

అన్యాయం జరిగింది ముత్తవ్వకు. 1988 మార్చిలో. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇరవై ఏళ్ళుగా ఈ కథను దోహాలో మన వలస కూలీల క్యాంపు క్యాంపుకూ మోసిన మగవాళ్ళలో ఒక్కడూ దీన్ని అన్యాయం అని మొదలుపెట్టడు. దెయ్యం అని మొదలుపెడతాడు. దెయ్యం అంటే భయపడి ఊరుకోవచ్చు. అన్యాయం అంటే ఎవడు చేశాడని అడగాల్సి వస్తుంది.

వాళ్ళు చెప్పే కథ ఇదీ.

దోహాలోని మదీనత్ ఖలీఫా పేటలో, మసీదు వెనక సందులో ఒక పసుపు గోడల విల్లా. అందులో జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన ముత్తవ్వ వంట చేసేది. ఊళ్ళో మొగుడు మల్లన్న, మూడేళ్ళ కొడుకు, అత్త రాములవ్వ. ఇక్కడ ఈమె ఎవడితోనో తిరిగింది... కడుపు తెచ్చుకుంది... ఆ సంగతి తన నోటితోనే క్యాసెట్‌లో చెప్పి అత్తకు పంపింది. మొగుడు వదిలేశాడు. ఈమె విల్లా నీళ్ళ ట్యాంకులో దూకి చచ్చింది. అప్పటి నుంచి పొద్దుగూకితే ఆ ఇంట్లో ఆడగొంతు...

క్యాసెట్ ఏమిటంటారేమో. ఆ రోజుల్లో ఉత్తరం రాయడం రానివాళ్ళు టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఊరికి పోయేవాడి సంచిలో ఆ క్యాసెట్ వేసేవాళ్ళు. ఊళ్ళో ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వినేది, ఏడ్చేది, మళ్ళీ వినేది. మా వాళ్ళ ఉత్తరాలకు అచ్చంగా గొంతులు ఉండేవి.

ముత్తవ్వ క్యాసెట్‌ను ఊరికి మోసింది ముత్యం అనే డ్రైవరు. దాన్ని విన్నది ఇంటివాళ్ళు మాత్రమే కాదు. మల్లన్న దాన్ని తీసుకెళ్ళి కులపెద్దల ముందు పెట్టాడు. పదిమంది ముసలాళ్ళు టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని, చుట్టలు కాలుస్తూ, ఒక ఆడదాని గొంతు మీద తీర్పు చెప్పారు. ఆమెను పిలిపించలేదు. తిరిగి ఒక మాట అడుగుతూ ఇంకో క్యాసెట్ పంపాలన్న ఆలోచన ఒక్క తలకాయలోకీ రాలేదు. తెగతెంపులు అయిపోయాయి అన్నారు. ముత్యం దోహాకు తిరిగొచ్చి, ఆ విల్లా గడప తొక్కకుండానే, ఆమె ట్యాంకులో దూకిందని క్యాంపులో చెప్పాడు.

ఆ ఇంటి నీళ్ళ ట్యాంకు డాబా మీద ఉంది. దూకాలంటే ముందు నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ఇన్నేళ్ళలో ఆ సందులో నడిచిన మొనగాళ్ళలో ఒక్కడైనా తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఇక 2007 వేసవికి వస్తాను. చమురు, గ్యాసు డబ్బు పొంగుతున్న రోజులు. ఎటు చూసినా పాత విల్లాలు కూలుతున్నాయి, క్రేన్లు లేస్తున్నాయి. పసుపు విల్లా వంతు కూడా వచ్చింది. కరెంటు తీసేశారు. పెరట్లోకి జేసీబీ తెచ్చి నిలబెట్టారు. దానికి రాత్రి కాపలా కావాలి.

మొదట పోయినవాడు మీసాలాయన. ఆయన పేరు చెప్పను, ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నారు. చెప్పులు వదిలేసి పరుగెత్తాడు. రెండోవాడు జ్వరం అన్నాడు. మూడోవాడు తాయెత్తు కట్టుకుని పోయి, తాయెత్తుతో సహా తిరిగొచ్చాడు. లోపల ఆడగొంతు విన్నామని ముగ్గురూ చెప్పారు. తెలుగు మాట్లాడుతోందట... మన దిక్కు మాటేనట... అత్తను పిలుస్తోందట.

అప్పుడు అల్ రయ్యాన్ క్యాంపులో ఒక పిల్లగాడు లేచి, ఆ డ్యూటీ నాకు రాయండి అన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, కాంక్రీటుకు చెక్కలు బిగించే షట్టరింగ్ పని. వచ్చి ఏడాది కాలేదు. పేరు జలంధర్. అందరూ వాడి ధైర్యానికి చప్పట్లు కొట్టారు. వాడికి దెయ్యంతో ఏం పని ఉందో ఎవరికీ తెలియదు.

వాడు ముత్తవ్వ కొడుకు.

ఊళ్ళో వాడు ఆ పేరుతో పెరగలేదు. క్యాసెట్ కొడుకు అని పెరిగాడు. బడిలో పిల్లలు వాడి అమ్మ మాటలను గొంతు మార్చి పలికేవాళ్ళు. సవతితల్లికి కోపం వస్తే ఆ మాటలే. తాగితే తండ్రి కూడా ఆ మాటలే. అమ్మ ముఖం వాడికి గుర్తు లేదు, గొంతు గుర్తు లేదు. ఆ మాట మాత్రం అక్షరం పోకుండా గుర్తుంది.

వాడు దెయ్యాన్ని చూడ్డానికి పోలేదు. ఒక్కటి అడగడానికి పోయాడు. నన్ను వదిలి అట్లా ఎందుకు చేసినవని. చచ్చినవాళ్ళు అబద్ధం చెప్పరని ఎవరో వాడికి నూరిపోశారు.

ఆ రాత్రి సంగతి వాడు నాకు చెప్పినట్టే చెప్తాను.

రాత్రి ఇషా నమాజు అయిపోయింది. సందులో మనుషులు పలచబడ్డారు. జేసీబీ చక్రం మీద కూర్చున్నాడు. వేడి. దుమ్ము. పక్క విల్లాల ఏసీల రొద... ఇంకేమీ లేదు.

కొంతసేపటికి ఇంట్లో ఏదో కదిలింది.

పిల్లి అనుకున్నాడు. పిల్లి అయితే బాగుండు అనుకున్నాడు.

తర్వాత — కట్ — అని చిన్న చప్పుడు. దాని వెనకే, లోపలి గదుల్లోంచి, బొంగురుగా, దగ్గరగా...

"అత్తా... నిమ్మలంగ ఇను."

లేచి నిలబడ్డాడు. కాళ్ళు గేటు వైపు లాగుతున్నాయి. వాడు వంటింటి తలుపు వైపు నడిచాడు. నేను ఈ కథలో ఒకే ఒక మగవాడిని మెచ్చుకుంటాను, అది ఇక్కడే.

తలుపు తీసే ఉంది. లోపల చీకటి. గోడ పట్టుకుని ఒక గది దాటాడు. ఇంకో గది. గొంతు పెరుగుతోంది.

"గీ కడుపు నీ కొడుకుది గాదత్తా..."

అదే మాట.

"ఎవ్వలదని అడగకు. సంపినా సెప్ప."

బడిలో విన్న మాట. తండ్రి నోట్లో కుళ్ళిన మాట. ఇప్పుడు అసలు మనిషి నోట్లోంచి వస్తోంది. అయితే వాడికి ఒకటి వింతగా తోచింది. ఊళ్ళో అందరూ ఆ మాటను సిగ్గులేని మాటలాగా పలికేవాళ్ళు. ఈ గొంతు ఏడుస్తోంది.

చివరి గది గుమ్మంలో నిలబడ్డాడు. నేల మీద ఎవరో... తెల్లగా... వీపు తిప్పి కూర్చుని ఉన్నారు.

"అమ్మా," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "అమ్మా... నేను జలంధర్‌ను. నన్నిడిసిపెట్టి గట్లెందుకు జేసినవ్?"

గొంతు ఠక్కున ఆగిపోయింది.

తెల్లని ఆకారం లేచింది. ముఖం మీద వెలుతురు పడి వాడి కళ్ళు బైర్లు కమ్మాయి.

"కౌన్?... ఎవరు నువ్వు?"

టార్చి రెండడుగులు వెనక్కి జరిగింది. ఎదుటి మనిషి కూడా వాడిని దెయ్యమనే అనుకుంది.

ఆమె పేరు రెహానా. అల్ ఘర్రాఫాలో ఉంటుంది, బడిలో పాఠాలు చెప్తుంది, నా దగ్గర బట్టలు కుట్టించుకుంటుంది. ఆమె తండ్రి హమీదుద్దీన్ హైదరాబాద్ నుంచి చమురు కంపెనీ ఉద్యోగానికి వచ్చి ఆ విల్లాలోనే అద్దెకున్నాడు. 1990లో కువైట్ గొడవకు భయపడి తలా ఒక సూట్‌కేసుతో హైదరాబాద్ వెళ్ళిపోయారు. మిగిలిన సామాను ఇంటి యజమాని ఆ వెనక గదిలో వేసి తాళం పెట్టాడు. పెద్దయ్యాక బడి ఉద్యోగానికి మళ్ళీ దోహా వచ్చిన రెహానా, ఇల్లు కూలుస్తున్నారని తెలిసి తాళం అడిగి తెచ్చుకుంది. రేకుల కప్పున్న ఆ గదిలో పగలు కూర్చుంటే మనిషి ఉడికిపోతుంది గనక బడి, ఇంటి పని అయ్యాక వచ్చేది. కారు ముందు వీధిలో పెట్టేది. పెట్టెల్లోంచి ఒక్కో క్యాసెట్ తీసి, బ్యాటరీ టేప్ రికార్డర్‌లో వేసి ఏది ఏమిటో చూసుకునేది. మా వీరులు చెప్పులు వదిలి పరుగెత్తింది పెరటివైపు నుంచి ఆ క్యాసెట్ల గొంతు వినే.

"ఏ జలంధర్?" అంది రెహానా మెల్లగా. "ముత్తవ్వ కొడుకు జలంధరా?"

వాడు తలూపాడు. మా అమ్మ క్యాసెట్ మీకెట్లా వచ్చింది, అది మా ఊళ్ళో కదా ఉంది, అని అడిగాడు.

"ఇది నకలు భాయ్. మాది డబుల్ క్యాసెట్ టేప్ రికార్డర్ ఉండె కదా. నాకు తొమ్మిదేళ్ళు అప్పుడు. ఊరికి పంపే ముందు నేనే ఎక్కించి పెట్టుకున్నా. ఇది తొమ్మిదో భాగం."

"ఏం భాగం?"

"సీరియల్ భాయ్. టీవీ సీరియల్. మూడో వాకిలి."

వాడికి అర్థం కాలేదు. ఆమె వాడిని డబ్బా మీద కూర్చోబెట్టి చెప్పింది.

అప్పట్లో హైదరాబాద్‌లో వారానికొకసారి ఆ సీరియల్ వచ్చేది. రెహానా వాళ్ళమ్మ ఫక్రున్నీసాకు ఎవరో వీడియో టేపుల్లో ఎక్కించి పంపేవాళ్ళు. శుక్రవారం అందరూ చూసేవాళ్ళు, వంటింటి గుమ్మంలో కూర్చుని ముత్తవ్వ కూడా. ముత్తవ్వ అత్త రాములవ్వకు కథలంటే ప్రాణం. ఊళ్ళో టీవీ లేదు. అందుకని ముత్తవ్వ ఆ కథంతా క్యాసెట్‌లోకి చెప్పి పంపాలనుకుంది. ఎనిమిది భాగాలు ఒక క్యాసెట్. తొమ్మిదో భాగం మొత్తం కోడలు అత్తతో మాట్లాడే మాటలే, దానికి వేరే క్యాసెట్. టీవీలో వాళ్ళు పుస్తకం తెలుగు మాట్లాడితే అత్తకు ఎక్కదని, ప్రతి మాటనూ తన ఊరి మాటలోకి మార్చింది. కోడలు ఏడ్చిన చోట తానూ ఏడ్చింది.

ఆ కోడలికి కడుపూ లేదు, పాపమూ లేదు. ఆడబిడ్డ చేసిన తప్పును తన మీద వేసుకుంటుంది. అది పదో భాగంలో తెలుస్తుంది. పదో భాగం చెప్పే అవసరం ముత్తవ్వకు రాలేదు. అప్పటికే ఊరి నుంచి తీర్పు వచ్చింది.

మొదటి క్యాసెట్ ఏమైందని నేను ముత్యానికి ఫోన్ చేసి అడిగాను. మెట్‌పల్లిలో ఇల్లు కట్టుకుని దర్జాగా ఉన్నాడు. చాలాసేపు దగ్గాడు.

"ఖాళీదేమో అనుకున్న అక్కా. పాటలెక్కిచ్చుకున్న. గిప్పుడెందుకా ముచ్చట?"

ఇంకో క్యాసెట్ ఉండేదని కులపెద్దల ముందు ఎందుకు చెప్పలేదంటే, నన్నెవ్వలు అడగలేదు అన్నాడు. ట్యాంకు సంగతి అడిగేసరికి ఫోన్ పెట్టేశాడు.

ఆ సీరియల్ ఇప్పుడు లోకంలో లేదు. దాని నిర్మాత అసలు టేపుల మీదే తన కూతురి పెళ్ళి తీయించుకున్నాడట. పప్పన్నం వడ్డనలూ అప్పగింతలూ వచ్చి కథను మింగేశాయి. ఇంటర్నెట్‌లో పాత సీరియళ్ళ కోసం ఏడ్చే గుంపు ఒకటుంది. తమ చిన్నప్పటి శుక్రవారాలు ఎవరో దొంగిలించినట్టు ఏడుస్తారు. రెహానా ఆ గుంపు మనిషే. తరవాత ముత్తవ్వ చెప్పిన కథను వాళ్ళకు వినిపించింది. ఇరవై ఏళ్ళకు ఆ కథ మళ్ళీ దొరికిందని సంతోషించారా? అసలుది కావాలి గానీ వంటమనిషి చెప్పింది ఎందుకన్నారు ఒకరు. యాస బాగాలేదన్నారు ఇంకొకరు, డిగ్రీలున్నవాడు. తర్వాత టైటిల్ పాట ఎవరు రాశారని నెల రోజులు కొట్టుకున్నారు. పోగొట్టుకున్నదేదో తెలియనివాళ్ళకు దొరికిందేదో ఎట్లా తెలుస్తుంది.

ఆ రాత్రి గదిలో జలంధర్ డబ్బా మీద నుంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. చివరికి, అమ్మ ట్యాంకులో దూకిందా అని అడిగాడు.

లేదంది రెహానా. ముత్తవ్వ వాళ్ళతోనే హైదరాబాద్ వచ్చింది. ఒకసారి బస్సెక్కి ఊరికి పోయింది. బస్టాండు దాటనివ్వలేదు. కొడుకును దూరం నుంచి చూపించండి చాలు అంటే, నవ్వారట. అదే బస్సులో తిరిగొచ్చింది. పదమూడేళ్ళు వాళ్ళింట్లోనే వండింది. 2003లో, చలికాలంలో, నిద్రలో పోయింది. టేప్ రికార్డర్‌ను మళ్ళీ ముట్టుకోలేదు.

"మరి ఎవ్వలకూ ఎందుకు సెప్పలే?" అన్నాడు జలంధర్. "గది టీవీల కత అని."

"చెప్పింది భాయ్," అంది రెహానా. "మొట్టమొదలే చెప్పింది."

పెట్టెలోంచి ఇంకో క్యాసెట్ తీసింది. మొదటిదాని నకలు. ఊరికి ఎన్నడూ చేరనిది. రికార్డర్‌లో వేసింది. టార్చి ఆర్పేసింది, ఎందుకో తెలియదు. వాడి ముఖం చూడకూడదనుకుందేమో.

గరగర... గరగర... ఎక్కడో ఒక కుక్కర్ ఈల... తర్వాత, ఏడుపు లేని గొంతు. పడుచు గొంతు. నవ్వుతున్న గొంతు.

"అత్తా, మంచిగున్నవా? జలంధర్ అన్నం తింటుండా, మన్ను తింటుండా? నీకు ఒక కత సెప్త. ముందుగల్లనే సెప్తున్న — గిది నా ముచ్చట గాదు, టీవీల అచ్చే కత. నువ్వు అన్నిటికి భయపడ్తవ్ గద, భయపడకు. పోరన్ని పక్కన కూసోవెట్టుకోని ఇను."

జలంధర్ రికార్డర్ పక్కనే నేల మీదకు జారి కూర్చున్నాడు.

టేపులో ఒక చిన్నపిల్ల, అప్పటి రెహానా, గుసగుసగా ఏదో అంది. తారీఖు చెప్పమంటోంది, బడిలో నోటుబుక్కు మీద రాసినట్టు. ముత్తవ్వ నవ్వింది. గొంతు సవరించుకుంది. తప్పు పోకూడదని ఒక్కో మాటా ఒత్తి పలికింది.

"ఇయ్యాల శుక్రవారం. ఫిబ్రవరి పన్నెండు, పందొమ్మిది వందల ఎనబై ఎనిమిది."