కింద వదిలిన దీపం

ముప్ఫై ఏళ్లుగా రోస్వితా, ఆల్విన్ ప్రతి జనవరిలోనూ జర్మనీలోని పస్సావుకు వచ్చి వారం రోజులు ఉండి వెళుతున్నారు. పెళ్లయిన కొత్తలో చేతిలో డబ్బుల్లేక చలికాలంలో వచ్చారు. అప్పుడైతే గదులు చవక. తర్వాత డబ్బులొచ్చాయి గానీ అలవాటు మాత్రం పోలేదు. ఇన్ నది ఒడ్డున వంకర సందులో, వాళ్లు జెంజక్క అని పిలిచే క్రెసెంజ్ నడిపే చిన్న లాడ్జి, పై అంతస్తులో నదివైపు గది, రాత్రికి కాలేయపు ఉండలు వేసిన సూపు. ఏదీ మారలేదు.

ఈ ఏడు మారిందల్లా ఆల్విన్. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. అందుకే కిందటేడు రాలేకపోయారు. మాట కూడా పోయింది. నోట్లోంచి వచ్చేది ఒక్కటే, "రో". ఆకలేస్తే రో, నొప్పేస్తే రో, అర్ధరాత్రి భయమేస్తే రో. భార్య పేరులో అతనికి మిగిలింది ఆ ముక్క ఒక్కటే.

"ఈ వానలో ఆయన్ని ఈడ్చుకుని రాకపోతే ఏం కొంప మునిగేదే?" అని గుమ్మంలోనే తగులుకుంది క్రెసెంజ్. డెబ్బై దాటినా ఆవిడ నోటికి అడ్డూ అదుపూ లేదు.

"ఇంట్లో ఆ నాలుగు గోడల మధ్యే ఉంటే నేనే మునిగేదాన్ని, జెంజక్కా."

"మొహం చూసుకున్నావా? పీక్కుపోయింది."

"చూసుకునే తీరికెక్కడుంది?"

మెట్లు నిటారుగా ఉంటాయి కనుక ఈసారి కింది గదే ఇచ్చింది. గోడమీద పాత వరదల గీతలు ఒకదానిమీద ఒకటి, పక్కన సంవత్సరాలు. అన్నిటికన్నా పైనున్న గీత రోస్వితా తలకు రెండు మూరల ఎత్తున ఉంది. ఆ గీతలు చూసి ఈ సందులో ఎవరూ భయపడరు. వాటి కిందే గొడుగులు తగిలించుకుంటారు.

మూడు రోజులు వాన కురిసింది. కొండల్లో మంచు కరిగింది. నాలుగోరోజు సాయంత్రం, ఇంకా దీపాలైనా పెట్టకముందే సైరన్ మోగింది. క్రెసెంజ్ వీధి గుమ్మానికి అడ్డుపలకలు బిగించి, ఇసుక బస్తాలు సర్ది, అటకమీంచి పాత లాంతరు దించింది. ఆ సందులో అదొక ఆచారం. నీళ్లు వచ్చినప్పుడు కింది అంతస్తులో మనిషి ఉన్నంతసేపు కిటికీలో దీపం ఉండాలి. ఆఖరున పైకెక్కే మనిషి దాన్ని చేత్తో పట్టుకుని ఎక్కాలి.

"దీపం చూసి పడవ వస్తుంది," అంది వత్తి సరిచేస్తూ. "మోటారు మోత వినిపిస్తే మన అగ్నిమాపక కుర్రాళ్లు. వినిపించకపోతే నోరు మూసుకుని కూర్చో. ఏం అడిగినా పలకకు."

"ముప్ఫై ఏళ్లనించీ ఇదే కథ చెబుతున్నావక్కా."

"చెప్పాల్సింది కాబట్టి చెబుతున్నాను. మన మనిషిని మనమే పైకి తెచ్చుకోవాలి. ఆ మోత లేని పడవవాళ్ల చేతిలో పెట్టకూడదు."

కాసేపటికి కరెంటు పోయింది. అడ్డుపలకల సందుల్లోంచి నీళ్లు చప్పుడు లేకుండా లోపలికి వచ్చాయి. ముందు నేల నల్లబడింది. తర్వాత మెరిసింది. బురద వాసన, నేలమాళిగలోని ఆపిల్ పళ్ల వాసన, వాటిమీదుగా ఎవరి ఇంట్లోనో పగిలిన చమురు ట్యాంకు వాసన.

ఇద్దరూ కలిసి ఆల్విన్‌ను కుర్చీలోంచి లేపి మెట్లు ఎక్కించబోయారు. మూడో మెట్టు దగ్గర క్రెసెంజ్ మోకాలు మడతపడింది. ముగ్గురూ గోడకు కొట్టుకున్నారు. మళ్లీ తెచ్చి చక్రాల కుర్చీలోనే కూర్చోబెట్టారు.

"ఇది మనవల్ల కాదు," అంది క్రెసెంజ్ రొప్పుతూ. "పైకెళ్లి అగ్నిమాపక కుర్రాళ్లకి ఫోను చేస్తాను. నువ్వు ఆయన దగ్గరే ఉండు. కదలకు."

రోస్వితా ఉండేదే. కానీ మందులు, దుప్పట్లు, సంచీ నేలమీద తడుస్తున్నాయి. వాటిని పైన పెట్టి వచ్చేద్దామనుకుంది. లాంతరు తీసుకోబోతే ఆల్విన్ ఎడమచేత్తో ఆమె చొక్కా పట్టుకున్నాడు.

"రో... రో..."

అతనికి చీకటంటే భయం.

"సరే, సరే. దీపం నీ దగ్గరే ఉంచుతాను. ఇప్పుడే వస్తా."

చీకట్లో తడుముకుంటూ ఎక్కింది. సామాను గదిలో పడేసి తిరిగి వచ్చి, పై మెట్టు మీద కూర్చుంది. ఒక్క నిమిషం. రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆమె కంటినిండా నిద్రపోలేదు. అతన్ని తిప్పి పడుకోబెట్టడం, తుడవడం, తినిపించడం, మళ్లీ తిప్పడం. ప్రేమ లేక కాదు, ఒంట్లో సత్తువ లేక. ఎవరైనా వచ్చి ఈయన్ని కాస్త తీసుకెళితే బాగుండు దేవుడా, అనుకుంది. తల గోడకు ఆనించింది.

ఎంతసేపయిందో తెలియదు.

కళ్లు తెరిచేసరికి నీళ్లు నాలుగో మెట్టు మీదున్నాయి. కింద గదిలోంచి దీపపు వెలుతురు వచ్చి నీళ్లమీద ఊగుతోంది. చలి... ఎముకల్లోకి దిగే చలి. ఎక్కడో చెక్క గోడకు తగిలింది. టక్. కాస్త ఆగి మళ్లీ... టక్. తెడ్డు.

ప్రాణం లేచి వచ్చింది ఆమెకు. పడవ!

"కింద ఎవరైనా ఉన్నారా?" గొంతు మెల్లగా వచ్చింది, జలుబు చేసిన మనిషి గొంతులా.

"ఉన్నారు! ఒక్కరే, మా ఆయన. నడవలేడు. తీసుకెళ్లండి బాబూ!"

అన్నాక గుర్తొచ్చింది. మోటారు మోత లేదు...

తెడ్డు ఇంకోసారి గోడకు తగిలింది. తర్వాత ఆ గొంతు అడిగింది.

"తీసుకెళితే... మళ్లీ తెచ్చి ఇవ్వాలా?"

ఇవ్వాలి అనాలి. వెంటనే అనాలి. మాట నాలిక మీదే ఉంది. కానీ ఆ క్షణంలో ఆమెకు కనిపించింది ఆల్విన్ కాదు. తెల్లటి దుప్పటి, తలుపు వేసిన గది, ఎవరూ పిలవని రాత్రి. ఊపిరి ఒకసారి తీసింది. ఒకసారి వదిలింది.

"తేవాలి," అంది అప్పుడు. "తేవాలి! తెచ్చి ఇవ్వండి!"

"తెస్తాం," అంది గొంతు. "ఒకరిని."

వెలుతురు కదిలింది. నీళ్లలో ఎవరో నడుస్తున్న చప్పుడు. ఒక మెట్టు... ఇంకో మెట్టు... మలుపులో లాంతరు కనిపించింది. దాని వెనక ఆల్విన్. రెండు కాళ్లమీద. లాంతరు కుడిచేతిలో ఉంది, రెండేళ్లుగా ఒళ్లో చచ్చిపడి ఉన్న చేతిలో. ఆ చేతినుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. బట్టలు పొడిగా ఉన్నాయి.

"రోస్వితా," అన్నాడు స్పష్టంగా. "చలిలో ఇలా కూర్చున్నావేం? లే."

ఆమె ఏడ్చింది. అతన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో సంతోషమూ ఉంది, అబద్ధమాడటం ఎందుకు? అతను ఆమెను పై గదిలో మంచం దాకా నడిపించి, దుప్పటి కప్పాడు.

తర్వాత వచ్చింది అసలు పడవ, మోటారు మోతతో. కిటికీ కింద ఆగి ఒకడు కేకేశాడు: "నడవలేని పెద్దాయన ఉన్నాడన్నారు, ఏరీ?"

"నేనే!" అన్నాడు ఆల్విన్ కిటికీలోంచి వంగి. "మీకోసం చూసి చూసి నడవడం నేర్చేసుకున్నా."

కింద కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఫోను దగ్గర్నించి అప్పుడే వచ్చిన క్రెసెంజ్ నవ్వలేదు. గోడకు ఆనుకుని అతని కుడిచేతినే చూస్తోంది.

"దీపం ఎవరు తెచ్చారే పైకి?" అని గుసగుసగా అడిగింది.

రోస్వితా గోడవైపు తిరిగింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని పడుకుంది. పొద్దున దాకా మెలకువ రాలేదు.

పొద్దునకు నీళ్లు తీశాయి. ఇంటినిండా బురద. అది ఎండకముందే కడిగేయాలి, ఎండితే ఇక ఊడి రాదు. అందుకే సందంతా చీపుళ్లు, గొట్టాలు పట్టుకుని బయటే ఉంది. రోస్వితా కిందికి దిగింది. చక్రాల కుర్చీ ఎక్కడా లేదు. కింది గదిలో గోడమీద, బురదలో, అరచేతి ముద్రలు. కిటికీ దగ్గర మొదలై గోడ వెంబడే మెట్లవైపు వచ్చాయి. అన్నీ ఎడమచేతివే. ఆఖరి ముద్ర మూడో మెట్టు పక్కన ఉంది, అయిదు వేళ్లూ కిందికి జారినట్టు.

క్రెసెంజ్ గొట్టం పట్టుకుని నిలబడింది గానీ నీళ్లు వదల్లేదు. "నేను కడగను," అంది. "నావల్ల కాదు."

రోస్వితా బ్రష్షు తీసుకుంది. ఒక్కొక్క ముద్రనూ రుద్ది కడిగింది. ఆల్విన్ పైనుంచి పెట్టెలు దించుతూ ఏదో పాట ఈల వేస్తున్నాడు. అతనికెప్పుడూ ఈల వేయడం రాదు.

మధ్యాహ్నం రైలు. వీధిలోకి వచ్చి వెనక్కి చూసింది. పట్టపగలు, నీళ్లు పూర్తిగా పోయాయి, అయినా క్రెసెంజ్ కింది గది కిటికీలో లాంతరు వెలుగుతోంది.

"నీళ్లు పోయాయి కదక్కా," అంది రోస్వితా. "ఇంకా దీపమెందుకు?"

"కింద మనిషి ఉన్నంతసేపు తీయకూడదు," అంది క్రెసెంజ్. కళ్లు తుడుచుకుని తలుపు వేసుకుంది.

నాలుగడుగులు వేశారు. వెనక, నేలమాళిగ ఇనపజాలీలోంచి, చాలా లోతునుంచి వినిపించింది.

"రో..."

ఆమె ఆగింది. అతనూ ఆగాడు.

"ఎవరైనా పిలిచారా?" అని అడిగాడు ఆల్విన్.

"రో... రో..."

ఆమె ఎంత అలసిపోయిందో ఆమెకొక్కదానికే తెలుసు.

"లేదు," అంది.

అతను నవ్వి ఆమె చెయ్యి పట్టుకున్నాడు, కుడిచేత్తో. నిన్న దీపం పట్టుకొచ్చిన చెయ్యి అది. పొద్దుటినుంచి ఎన్నిసార్లు తుడిచినా దాని తడి ఇంకా ఆరలేదు.