కాగితాలు మింగిన గదులు

"అమ్మా, నా ఉద్యోగం రేపు మధ్యాహ్నం దాకానే. ఈలోగా దొంగని పట్టుకోగలరా?"

గుమ్మం దాటకుండానే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. మెట్లన్నీ పరుగున ఎక్కినట్టుంది, రొప్పుతోంది. చేతిలో ఎవరో నమిలి ఉమ్మేసినట్టున్న కాగితాల కట్ట.

అల్లుడు గబగబా కుర్చీ వేశాడు. అత్తగారు మాత్రం కుట్టు మిషను మీంచి తలెత్తలేదు. దిండు గలీబుకి ఆఖరి కుట్టు వేసి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు చూశారు.

ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివులు ఇంకా ఉన్నారు. కుట్టు మిషను ముందు కూర్చుని కేసులు వినే డిటెక్టివు మాత్రం ఆవిడొక్కరే. ఆవిడ కూతుర్ని చేసుకున్నాక అల్లుడు బ్యాంకు ఉద్యోగం మానేసి ఆవిడకి అసిస్టెంటుగా చేరాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా, ఆవిడ చెప్పకముందు ఒక్క నేరస్తుణ్ణీ కనిపెట్టలేకపోయాడు. అందుకు అతనికి విచారమూ లేదు. అత్తగారు చెబుతుంటే నోరు తెరుచుకుని వినడంలో ఉన్న సుఖం బ్యాంకులో ఎక్కడిది?

"దొంగ ఏం ఎత్తుకెళ్ళాడమ్మాయ్?"

"ఏమీ ఎత్తుకెళ్ళలేదండి. మా ప్రింటర్ల చేత కాగితాలు మింగిస్తున్నాడు."

పడవలకీ ఓడలకీ బీమా చేసే కంపెనీలో ఆ అమ్మాయి కొనుగోళ్ళ అధికారి. చేరి ఎంతో కాలం కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆఫీసు మొత్తానికి కారిడార్లో ఒక్కటే పెద్ద జిరాక్స్ మెషిను. ఏ గదిలో ఏం టైపు చేసినా కాగితం అక్కడే బయటికొస్తుంది. అందరూ వెళ్ళి వరసలో నిలబడి తెచ్చుకోవాలి. డైరెక్టరు ఒకరోజు అందర్నీ పిలిచి, వరసలో నిలబడే రోజులు పోయాయి, ఇక గదికొక ప్రింటరు అని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఏ ప్రింటరు కొనాలో చూసే పని ఈ అమ్మాయి మీద పడింది.

"ఎన్నో చూసి ఒకటి ఎంచానమ్మా. ముందు పరీక్షకి తెప్పించాం. పెట్టెల్లోంచి తీసి, లోపల కదలకుండా అంటించిన నారింజరంగు టేపులు పీకి, ఎవరిది వాళ్ళు పెట్టుకున్నారు. ఆ టేపులు పీకకపోతే కాగితం అంగుళం కూడా కదలదు. ఆ రోజంతా అన్నీ బంగారంలా పనిచేశాయి. మర్నాడు పొద్దున్న మొదటి కాగితమే వంకరగా వెళ్ళి ఇరుక్కుంది. ఒక గదిలో కాదండీ, అన్ని గదుల్లోనూ! మెకానిక్ వచ్చి సరిచేస్తే మధ్యాహ్నానికి బాగుంటాయి. మళ్ళీ తెల్లారితే అదే వరస."

"రేపు మధ్యాహ్నం ఏముంది?"

"కమిటీ. ప్రింటర్లు దండగని తేలితే నన్ను పంపించేస్తారని అకౌంటెంటుగారు మొహం మీదే చెప్పారు." ఆ అమ్మాయి కాగితాల కట్ట అత్తగారి ముందు పెట్టింది. "మెషిన్లు మంచివేనమ్మా. నేను కళ్ళు మూసుకుని ఎంచలేదు."

"మూసుకున్నావని నేనన్నానా? అల్లుడుగారూ, గొడుగు తీసుకోండి. బయల్దేరదాం."

"ఎండా లేదు, వానా లేదు కదా అత్తయ్యా!"

"చేతిలో ఏదో ఒకటి ఉంటే మీరు కాస్త ఆలోచిస్తున్నట్టు కనిపిస్తారు."

*

కారిడార్ చివర బీరువా అంత జిరాక్స్ మెషిను గురగురమంటోంది. దాని ముందు బారెడు వరస. చేతుల్లో కాగితాలు, నోళ్ళలో కబుర్లు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక బొద్దాయన ఒకే ఒక్క కాగితం పట్టుకుని ముందుకి జరగబోతే, అక్కడున్న బట్టతలాయన మోచేత్తో ఆపాడు.

"ఏమండోయ్, మీకంటే ముందొచ్చాను. మధ్యలో దూరితే ఎలా?"

"సరేలేవోయ్, నీ వెనకే నిలబడతా. ఇంతకీ నిన్న మీ ఆవిడ నీకు వంట నేర్పిందన్నావు, ఏమైంది?"

"ఇవాళ నేను క్యారేజీ తేలేదు. దాన్నిబట్టి మీరే ఊహించుకోండి."

వరసంతా గొల్లుమంది. బొద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు.

"బట్టతలాయన మా అకౌంటెంటు," గుసగుసగా చెప్పింది ఆ అమ్మాయి. "నవ్వుతున్నాయన మా డైరెక్టరుగారు."

అల్లుడు నమ్మలేకపోయాడు. డైరెక్టర్లు అలా నవ్వడం అతను ఏ బ్యాంకులోనూ చూడలేదు.

కాసేపటికి డైరెక్టరు వాళ్ళని తన గదిలోకి పిలిచాడు. పెద్ద బల్ల, పెద్ద కిటికీ, మూల కొత్త ప్రింటరు. గదిలో గడియారం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

"నాది కూడా అంతేనండీ," అన్నాడాయన, ప్రింటరు వైపు చూడకుండా. "పొద్దున్నే నములుతోంది. ఏం చేస్తాం, ఆ అమ్మాయి పాపం కష్టపడి ఎంచింది."

అత్తగారు వెళ్ళి దాని మూత ఎత్తారు. అల్లుడు ఆవిడ భుజం మీంచి తొంగిచూశాడు. లోపల అద్దంలా ఉంది. రెండు నారింజరంగు చారలు తప్ప ఒక్క నల్లమరక లేదు. పెద్దవాళ్ళ గదుల్లో శుభ్రమే వేరు అనుకున్నాడు.

ఇంతలో అకౌంటెంటు ఫైలు పట్టుకొచ్చాడు. ఇందాకటి మనిషేనా అనిపించింది. చేతులు కట్టుకుని, చూపు నేలకి దించి నిలబడ్డాడు.

"అయితే మీ ఆవిడ..." అని నవ్వుతూ మొదలెట్టాడు డైరెక్టరు.

"ఏమీ లేదండి. సంతకం చేస్తే సెలవు తీసుకుంటానండి."

డైరెక్టరు సంతకం చేశాడు. తలుపు మూసుకుంది. గడియారం మళ్ళీ వినిపించింది.

*

మెకానిక్ ఒక గదిలో నేలమీద చతికిలబడి, ప్రింటరులోంచి నలిగిన కాగితం లాగుతూ తిడుతున్నాడు. పాత జిరాక్స్ మెషిను బాగోగులు చూసే కాంట్రాక్టు అతనిదే.

"ఇవి ప్రింటర్లా అమ్మగారూ? పిల్లలాడుకునే బొమ్మలు! సముద్రపు గాలికి కాగితం చెమ్మెక్కుతుంది, చెమ్మెక్కితే ఇవి మింగుతాయి."

"ఆ పాతది పోతే నీ కాంట్రాక్టు కూడా పోతుందటగా?"

"పోతే పోనీండి. కుట్టు మిషన్లు బాగుచేసుకు బతుకుతా."

"అయితే రేపు తెల్లారేసరికి మా ఇంటికి రావయ్యా. నా మిషను దారం తెంపుతోంది."

అల్లుడికి ఆశ్చర్యం వేసింది. ఆ మిషను దారం తెంపడం అతను పుట్టాక చూడలేదు. కానీ అత్తగారి మాటకి అడ్డం చెప్పే అలవాటు లేదు.

అత్తగారు ట్రే బయటికి లాగారు. కాగితాల బొత్తిని రెండువైపులా పట్టుకునే ప్లాస్టిక్ రెక్కలు ఎడంగా ఉన్నాయి. వాటిని వేలితో జరిపి బొత్తికి ఆనించి, అదే కాగితం మీద ఒక పేజీ కొట్టించారు. నిటారుగా, మల్లెపువ్వులా బయటికొచ్చింది. ఇంకొకటి, మరొకటి, అన్నీ అలాగే.

"చెమ్మకి ఒక్క నిమిషంలో జబ్బు నయమైందేమయ్యా!" అన్నారావిడ.

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "రోజూ ఆ రెక్కలు నేనే బిగిస్తున్నానమ్మగారూ. తెల్లారేసరికి వదులైపోతున్నాయి. అందుకే చౌకబారువంటున్నా."

అకౌంటెంటుని కారిడార్లోనే పట్టుకున్నారు. అక్కడైతే ఆయనకి నోరు బాగా లేస్తుంది.

"ఆ అమ్మాయిని పంపించేస్తానన్నారట?"

"ఇంత ఖర్చుకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలిగా అమ్మా! నాకు మాత్రం సరదానా?"

"మీరు పొద్దున్న ఎన్నింటికొస్తారు?"

"ఆ ఒక్కటీ అడక్కండి. మనవణ్ణి బడిలో దింపి వచ్చేసరికి అందరూ వచ్చేసుంటారు. డైరెక్టరుగారైతే తాళం ఆయనే తీస్తారు. ఆయన కంట పడకుండా నేను వెనక మెట్లెక్కి వస్తుంటాను. మీరెవరితోనూ అనకండి."

సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళే వేళకి అత్తగారు ఆ అమ్మాయి దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని గదిగదికీ తిరిగారు. ప్రతి ట్రే దగ్గరా కాసేపు వంగారు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"నడుముకి వ్యాయామం," అన్నారావిడ.

*

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చి కుట్టు మిషను ఏ ముక్కకాముక్క విప్పేశాడు. జబ్బు లేని మిషనుకి జబ్బు వెతకడం ఎంత కష్టమో అల్లుడికి ఆరోజు తెలిసింది. అతను టీలమీద టీలు ఇచ్చి, మెకానిక్ చిన్ననాటి కథలన్నీ విని, ఆఫీసు వేళ బాగా దాటాక అతన్ని వెంటబెట్టుకుని కంపెనీకి చేరాడు. అత్తగారు అప్పటికే అక్కడున్నారు.

ఏ గదిలోంచి చూసినా అదే కేక. "మళ్ళీ మింగేసిందండీ!"

కొనుగోళ్ళ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "అయిపోయిందమ్మా. ఇంకో గంటలో కమిటీ."

"గంట చాలా ఎక్కువ," అన్నారు అత్తగారు. "అందర్నీ కారిడార్లోకి రమ్మను. డైరెక్టరుగారితో సహా."

పాత మెషిను చుట్టూ అందరూ మూగారు. అత్తగారు గొంతు సవరించుకున్నారు. అల్లుడు నోరు తెరవడానికి సిద్ధమయ్యాడు.

"నిన్న సాయంత్రం ప్రతి ట్రేలోనూ రెక్కల్ని కాగితానికి ఆనించి, అవి ఎక్కడున్నాయో పెన్సిలుతో సన్నగా గీత గీశాను. ఇవాళ చూస్తే రెక్కలన్నీ గీత దాటి వేలెడు ఎడంగా జరిగాయి. పట్టు లేని కాగితం వంకరగా వెళ్ళి ఇరుక్కుంటుంది. తమంతట తాము వదులయ్యేవి అన్ని గదుల్లోనూ ఒకే కొలతకి వదులవ్వవు. ఎవరో జరిపారు."

అన్ని కళ్ళూ మెకానిక్ మీదికి వెళ్ళాయి.

"నన్నెందుకలా చూస్తారు?" అన్నాడతను.

"అతన్ని చూడకండి. తెల్లారినప్పట్నుంచి మా అల్లుడుగారి ఎదుట ఉన్నాడు, నా మిషను ముక్కలు చేస్తూ. అకౌంటెంటుగారు కూడా కాదు. ఆయన వచ్చేసరికి మొదటి కాగితాలు ఎప్పుడో ఇరుక్కుంటున్నాయి. రెక్కలు జరపాలంటే అందరికంటే ముందు రావాలి, తాళం తియ్యాలి."

అత్తగారు చేతిలో ఉన్న పెన్సిలు ఆ అమ్మాయికి తిరిగిచ్చారు.

"ఇంకొక్క మాట. ఇంతమంది తమ ప్రింటర్లు కాగితం మింగుతున్నాయంటే, వాటి లోపల చిరిగిన ముక్కలు చూశాను. ఒక్కరు మాత్రం తనది కూడా రోజూ నములుతోందని చెప్పారు. ఆ ప్రింటరులో నారింజరంగు టేపులు పీకనే లేదు. పుట్టాక అది ఒక్క కాగితం కూడా ముట్టుకోలేదు." అత్తగారు డైరెక్టరు వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది. "ఎందుకు చేశారో నేను చెప్పనా, మీరు చెప్తారా బాబూ?"

డైరెక్టరు కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను కూడా ఇక్కడే గుమాస్తాగా చేరినవాణ్ణి. ఈ వరసలోనే నాకు స్నేహితులు దొరికారు. ఆ గదిలోకి మారాక అందరూ నమస్కారాలు పెడతారు గానీ ఒక్కరూ కబుర్లు చెప్పరు. ఇక్కడికొస్తే మాత్రం నన్ను మోచేత్తో తోస్తారు." ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. "గదికొక ప్రింటరు అని నేనే అన్నాను. మీ పని తేలికవుతుందనే అన్నాను. మొదటిరోజు ఒక కాగితం పట్టుకుని ఇక్కడికొచ్చి చూస్తే ఒక్క పురుగు లేదు. ఒక్కణ్ణే నిలబడ్డాను. అంతమంది చేత చప్పట్లు కొట్టించుకుని, ఇప్పుడు నాకు తోచట్లేదు, వద్దు అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అకౌంటెంటే ముందుగా తేరుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నా జోకులకి మీరు మర్యాదకి నవ్వుతున్నారనుకున్నాను సార్!"

"మర్యాదకి అంత నవ్వు ఎవరికొస్తుందయ్యా?"

ఆ మాటకి కారిడార్ అంతా గొల్లుమంది. మెకానిక్ నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. ఒక్క కొనుగోళ్ళ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నీళ్ళు ఇంకిపోయిన కళ్ళలో నిప్పులు కనిపించాయి.

"నవ్వకండి సార్!"

అందరూ ఉలిక్కిపడ్డారు.

"నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలుసా? తప్పు ఎక్కడుందో తెలీక ఆ ప్రింటరు పుస్తకం మొత్తం కంఠతా పట్టాను. మా అమ్మకి ఫోన్ చేసి, ఉద్యోగం పోతే ఏం చెయ్యాలని ఏడిచాను. మీ రెక్కలాట నా ఉద్యోగం మీదికొచ్చింది సార్!"

డైరెక్టరు మొహం పాలిపోయింది. "నీ ఉద్యోగమా? ఎవరన్నారు?"

"నేనే," అన్నాడు అకౌంటెంటు, ఇంకెవరి వెనకైనా దాక్కోవాలని చూస్తూ. "ఊరికే, కాస్త భయముంటుందని..."

"తప్పు నాదమ్మా," అన్నాడు డైరెక్టరు. "కమిటీలో నేనే చెప్తాను, నేను చేసిందంతా. నీ ఉద్యోగం ఇవాళే ఖాయం చేస్తాను."

"ఖాయం తర్వాత చేద్దురుగాని. ముందు నేను చెప్పేది వినండి. ఏ ప్రింటరు కొనాలని అడిగారు గానీ, గదికొకటి కావాలా అని నన్ను ఒక్కసారైనా అడిగారా? అడిగితే మొదటిరోజే వద్దనేదాన్ని! చిన్నవాటిలో ఇంకు అయిపోయినప్పుడల్లా ఎంత అవుతుందో తెలుసా? ఈ పాతది ముసలిదైపోయింది, దీని చోట్లో మంచి పెద్ద మెషిను ఒకటి పెట్టాలి. జీతాల కాగితాలు పదిమంది కంట పడకూడదు కాబట్టి అకౌంటెంటుగారి గదిలో ఒక చిన్నది ఉంచాలి. మిగతావి పరీక్షకొచ్చినవేగా, అట్టపెట్టెల్లో తిరిగి పంపేద్దాం. కూర్చోవడానికి ఇక్కడ రెండు బల్లలు కూడా వేయించాలి. ఇంత చిన్న సంగతికి డిటెక్టివు కావాలా సార్? నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది కదా!"

డైరెక్టరు జేబులోంచి పెన్ను తీశాడు. చేతిలో ఉన్న ఒక్క కాగితాన్ని తిరగేసి, ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం మొదలెట్టాడు. ఆ గదిలోకి మారాక ఆయన్ని అంతమంది ముందు అలా కడిగేసినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోతోంది.

"రెండు బల్లలు చాలా అమ్మా?" అన్నాడు ఆశగా. "మూడు వేయిద్దామా?"

"మధ్యలో మాట్లాడకండి సార్, నేనింకా పూర్తి చెయ్యలేదు!"

అల్లుడు తెరిచిన నోరు మూయకుండా వింటూనే ఉన్నాడు. అత్తగారు అతని చేతిలోంచి గొడుగు లాక్కుని మెట్లవైపు నడిచారు.

"పదండి అల్లుడుగారూ. మెట్ల దగ్గర తలుపు మెల్లిగా వెయ్యండి. పాపం, ఆయన్ని హాయిగా తిట్లు తిననివ్వండి."