రెండు నిమిషాల ఊపిరి

పొద్దున్నే డిటెక్టివ్ గది తలుపు తట్టిన ఆమె చేతిలో ఒక కారు తాళం ఉంది. కుర్చీలో కూర్చున్నాక కూడా ఆమె దాన్ని వదల్లేదు.

“పోయినేడు మా ఆయన పోయారండీ. ఆయన కారు రేపు అమ్ముతున్నాను. నాలుగు రోజులుగా ఎవరో తెల్లవారుజామున దాన్ని తీసుకెళ్లి మళ్లీ తెచ్చిపెడుతున్నారు. రోజూ మీటరు పదకొండు కిలోమీటర్లు పెరుగుతోంది. నాకేమో డ్రైవింగే రాదు.”

“ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మర్యాదస్తుడైన దొంగను చూళ్లేదు సార్!” అన్నాడు సహాయకుడు. అతను రిటైరైన హెడ్‌కానిస్టేబుల్.

ఆమె నవ్వలేదు. “పార్టులుగా విప్పి అమ్మనని మాటిచ్చింది ఈ కొనే ఆయన ఒక్కడే. మీటరు అంకె రాసుకుని మరీ వెళ్లాడు. ఇది తెలిస్తే బేరం మానుకుంటాడు. మేం మారబోయే ఇంట్లో స్కూటరుకే చోటు లేదు.”

వాళ్లు ఆమె ఇంటికి వెళ్లి చూశారు. నీలం రంగు జపాన్ కారు అది. పన్నెండేళ్లపాటు ఇంజను, టర్బో, సైలెన్సరు అన్నీ ఆమె భర్త తన చేత్తోనే మార్చుకున్నాడు. డ్రైవరు సీటు బాగా ముందుకు జరిపి ఉంది. డిటెక్టివ్ మోకాళ్లు పట్టలేదు.

“నేను ముట్టుకోలేదు వదినా, ఒట్టు,” అన్నాడు మెకానిక్ అయిన మరిది. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడగరి అతను.

“గేటు మూశాక కూడా రెండు నిమిషాలు ఇంజను మోగుతూనే ఉంటుంది. నిద్ర పాడు!” అని విసుక్కుంది పక్కింటావిడ.

డిటెక్టివ్ సీటు వెనక్కి జరుపుకుని కారును వీధి చుట్టూ వేగంగా తిప్పి తెచ్చి, చటుక్కున ఇంజను ఆపేశాడు.

“అయ్యో, అప్పుడే ఆపేశారేంటండీ!” అంది గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు.

సాయంత్రం అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టారు. కొనే ఆయన కూడా వచ్చాడు.

“అంత ముందుకు జరిపిన సీట్లో మరిదిగారు పట్టరు. కొనే ఆయనా పట్టరు,” అన్నాడు డిటెక్టివ్. “వేగంగా నడిపిన టర్బో ఇంజనును వెంటనే ఆపకూడదు, రెండు నిమిషాలు ఊరికే నడవనివ్వాలి. లేకపోతే ఆ వేడికి లోపల నూనె మాడిపోతుంది. దొంగకు అంత ఓపిక ఉండదు. ఆ బండి మీద ప్రేమ ఉన్న పొట్టి మనిషి, తాళం ఎక్కడ తగిలిస్తారో తెలిసిన మనిషి తీసుకెళ్లారు. పొద్దున నేను ఇంజను ఆపినప్పుడు ప్రాణం విలవిల్లాడింది ఒక్కరికే. అవునా అమ్మా?”

“మా అమ్మకా? సైకిలు కూడా రాదండీ!” అన్నాడు మరిది.

అత్తగారు తల వంచుకుంది. “ఆదివారాలు మీరెవరూ లేవకముందు వాడు నేర్పించేవాడురా. పాత వంతెన దాకా పోయి వచ్చేవాళ్లం. ఈ వయసులో ఇదేంటని నవ్వుతారని చెప్పొద్దన్నాను. ఇంటికొచ్చాక, ‘దాన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వమ్మా’ అని రెండు నిమిషాలు పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు.” ఆమె కోడలి వైపు తిరిగింది. “ఆ రెండు నిమిషాల కోసమే వెళ్లాను తల్లీ. రేపటి నుంచి అవీ ఉండవుగా.”

హెడ్‌కానిస్టేబుల్ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. కొనే ఆయన మీటరు అంకె రాసుకున్న కాగితాన్ని చింపేశాడు.

కోడలు లేచి వచ్చి, పొద్దున అంత గట్టిగా పట్టుకున్న తాళాన్ని అత్తగారి చేతిలో పెట్టింది.

“రేపు బండిని ఈయనింటికి మీరే తీసుకెళ్లండి అత్తయ్యా. నేను పక్కన కూర్చుంటాను.”

మర్నాడు కొన్న ఆయన గేటు ముందు కారు ఆగింది. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల ఇద్దరూ ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్లను ఎవరూ తొందరపెట్టలేదు.